గృహ కూడికలో ఏఐ మీద బైబిల్ స్టడీ ఎలా నడిపించాలి?

నల్లగొండ, పాలమూరు సంఘాల్లోకి ఏఐ (కృత్రిమ మేధ) ఎప్పుడో వచ్చేసింది. యూత్ పిల్లలు క్రిస్మస్ నాటికను దానితో రాయించుకుంటున్నారు. పెద్దవాళ్ల వాట్సాప్‌కు ఏఐతో చేసిన యేసుప్రభువు వీడియోలు వస్తున్నాయి. దీని గురించి కూడికలో మాట్లాడుకోవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. బైబిలు, ఒక స్మార్ట్‌ఫోన్, మూడు వారాలు చాలు.

ముందు పాస్టర్ గారితో మాట్లాడండి. తర్వాత టైం చూసుకోండి. పత్తి ఏరే రోజుల్లో పొలం నుంచి వచ్చి, వంట చేసుకుని కూర్చునేసరికి ఎనిమిది దాటుతుంది, కాబట్టి గంటకు మించి సాగదీయొద్దు. కాలేజీ పిల్లలనూ, చదువు రాని అమ్మలనూ విడదీయకండి. పిల్లలకు ఫోన్ తెలుసు, అమ్మలకు వాక్యం తెలుసు.

మొదటి వారం అది ఏమిటో చెప్పండి. చాట్‌జీపీటీ అనే ఏఐ యాప్ 2022 నవంబరులో జనం చేతికి వచ్చింది. లెక్కలేనంత రాతను దానికి చూపించి, ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టేలా తయారు చేశారు. అందుకే లేని వచనాన్ని కూడా ఉన్నట్టే చెప్పగలదు. ఆదికాండము 1:27, నిర్గమకాండము 31:1-5 చదివించండి. ప్రత్యక్ష గుడారం పని చేసిన బెసలేలుకు పనితనం ఇచ్చింది దేవుడే. మరి మనిషి చేసిన ఈ పనిముట్టును ఎలా చూడాలి? జవాబు మీరే చెప్పేయకండి, వాళ్లను మాట్లాడనివ్వండి.

ఏఐ అంటే ప్రకటన గ్రంథంలోని మృగం సంఖ్య 666 కాదా అని ఎవరో ఒకరు అడుగుతారు. కొట్టిపారేయొద్దు. ప్రకటన 13వ అధ్యాయం మొత్తం చదివి, అక్కడ అసలు ప్రశ్న ఎవరిని ఆరాధిస్తున్నాం అన్నదేనని చూపించండి.

రెండో వారం పరీక్ష. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయవాళ్లు పౌలు మాటలనే లేఖనాలతో సరిచూశారు. మీరూ ఫోన్‌లోని ఏఐని తెలుగులో నోటితోనే అడగండి: "క్షమాపణ గురించి ఐదు వచనాలు రెఫరెన్సులతో చెప్పు." తలా ఒక వచనం తీసి చూడాలి. రెఫరెన్సు సరిపోయిందా? ముందూ వెనుకా చదివితే అర్థం అదేనా? తర్వాత బాప్తిస్మం ఎప్పుడు తీసుకోవాలో అడగండి. పాలమూరులో మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు నమ్మిన తర్వాతే ముంచి ఇస్తాయి, నల్లగొండ కథోలిక్కులు పసిపిల్లలకూ ఇస్తారు. ఫోన్ చెప్పిన జవాబు ఎవరి బోధ? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. గంటలో ఎక్కువ భాగం దీనికే పోయినా నష్టం లేదు.

మూడో వారానికి గలతీయులకు 6:2 తీసుకోండి, ఒకరి భారాలు ఒకరు మోయాలన్న మాట. నా దృష్టిలో ఈ స్టడీ అంతటికీ ఇదే ముఖ్యం. భర్త బొంబాయి వలస పోయిన ఒక చెల్లెలు అర్ధరాత్రి తన బాధను ఫోన్‌కు చెప్పుకుంటోంది అనుకోండి. అది విసుక్కోకుండా జవాబిస్తుంది. ఆమెను తప్పు పట్టకండి. మనలో ఎవరికీ ఎందుకు చెప్పలేకపోయిందో అడగండి. చెబితే వాడంతా తెలుస్తుందన్న భయమా? ఆ భయం నిజమే అయితే, సరిచేసుకోవాల్సింది మనం. ఆస్పత్రిలో పక్కన కూర్చోవడం, చార్జీలకు డబ్బులు సర్దడం, చేయి పట్టుకుని ప్రార్థించడం ఏ యాప్ వల్లా కాదు. రాత్రి ఏ వేళైనా ఫోన్ ఎత్తే ఇద్దరి పేర్లు ఆ రోజే అనుకోండి.

ప్రార్థన విన్నపాల విషయంలో గట్టిగా ఉండండి. ఒకరి రోగం, ఇంటి గొడవ, పేరుతో సహా ఏఐలో పెట్టొద్దు. అది టైప్ చేసిన ఫోన్‌లోనే ఆగదు, కంపెనీ కంప్యూటర్లకు వెళ్తుంది.

ఏఐతో కొడుకు గొంతును అనుకరించి డబ్బులు అడిగే మోసపు కాల్స్ గురించీ చెప్పండి. ముందు కొడుకు నంబర్‌కు తిరిగి చేయాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఒప్పుకున్న నియమాలు నోట్‌బుక్‌లో రాసి, కూడికకు కొత్తగా వచ్చేవాళ్లకు చదివి వినిపించండి. ఈ యాప్‌లు త్వరగా మారుతుంటాయి, కాబట్టి ఆరు నెలలకోసారి నియమాలను మళ్లీ చూసుకోండి.