పాలు తాగే బిడ్డను ఇంటి డేకేర్‌లో చేర్చే ముందు జాగ్రత్తలు

మొదటి ఇద్దరు పిల్లలకు చట్టం ఇచ్చే 26 వారాల ప్రసూతి సెలవులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు కనుక, చాలామంది తల్లులు బిడ్డకు ఆరు నెలలు నిండకముందే ఉద్యోగంలో చేరవలసి వస్తుంది. ఆ వయసులో బిడ్డకు తల్లిపాలే పూర్తి ఆహారం కాబట్టి, మంచినీళ్లు, తేనె, పంచదార నీళ్లు పట్టవద్దని సంరక్షకురాలికి ముందే స్పష్టంగా చెప్పాలి. ఆప్యాయతతోనే పట్టేవారుంటారు కనుక ఈ మాట మొహమాటపడకుండా చెప్పడం అవసరం.

అన్నిటికన్నా శ్రద్ధ పాల నిల్వపై ఉండాలి. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి భాగంలో నాలుగు రోజులు నిలుస్తాయి. అయితే మన వేసవిలో గది వేడి అంతకు మించుతుంది కనుక, ఐస్ ప్యాక్‌లున్న సంచిలో పంపి, చేరగానే ఫ్రిజ్‌లో పెట్టించాలి. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా అడగండి. ప్రతి సీసాపై పేరు, తేదీ, సమయం రాయాలి. పాలను పొయ్యిపై గానీ మైక్రోవేవ్‌లో గానీ కాచకుండా, గోరువెచ్చని నీటిలో సీసాను ఉంచి వేడిచేయాలి. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.

సీసా పట్టని బిడ్డకు ఉగ్గుగిన్నెతో పట్టడం వారికి తెలుసో లేదో చూడండి. చేర్చడానికి కొద్ది రోజుల ముందు నుంచే తల్లి కాక మరొకరు పట్టి అలవాటు చేయాలి.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలని చెప్పి, టీకాల కార్డు నకలు, డాక్టరు ఫోన్ నంబరు ఇవ్వండి.