కరోనా నాటి అలవాట్లలో వేటిని, ఎలా నిలుపుకోవాలి?

2020 మార్చి 22 నాటి జనతా కర్ఫ్యూ తరువాత హనుమకొండలో ఎన్నో వాకిళ్లలో బకెట్టు నీళ్లు, సబ్బుబిళ్ల కనిపించేవి. అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించేనాటికే అవి మాయమయ్యాయి. భయంతో వచ్చిన అలవాటు భయంతో పాటే పోతుంది కాబట్టి, నిలుపుకోవాలనుకున్న దానిని ఇంట్లో ఒక చోటుకు, రోజులో ఒక వేళకు ముడివేయాలి.

ముందుగా చేతుల సంగతి. వాకిట్లో గోలెం ఉన్న రోజుల్లో కాళ్లూ చేతులూ కడుక్కోనిదే ఎవరూ కడప దాటేవారు కారు. గోలెం పోయినా వాకిట్లో నల్లా ఉంటే సబ్బును అక్కడే పెట్టండి. స్నానాల గదిలో ఉంటే ఎవరూ అంతదూరం వెళ్లరు. సబ్బు కరోనా వైరస్ పైనున్న కొవ్వు పొరను చెదరగొట్టడమే కాక విరేచనాలు కలిగించే క్రిములనూ కడిగేస్తుంది గనుక, వేళ్ల సందులు, గోళ్ల కింద కూడా తగిలేలా కనీసం 20 సెకన్లు రుద్దాలి. మట్టి అంటిన చేతులకు శానిటైజర్ సరిగా పనిచేయదు. మేడారం జాతరకు వెళ్లేవారు సంచిలో సీసాకు బదులు సబ్బుముక్క వేసుకోవడమే మేలు.

మాస్కు అందరికీ నిత్యం అవసరం లేదు. అయితే దగ్గు ఉన్నవారు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీ వరుసలో నిలబడేటప్పుడు, బాలింతను చూడబోయేటప్పుడు తప్పక పెట్టుకోవాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలకు ముఖానికి కట్టుకునే దస్తీ చాలదు, సన్నని దుమ్ము దాని గుండా లోపలికి పోతుంది. ముక్కు దగ్గర సందు లేకుండా అమరే ఎన్‌95 వాడి, చెమటకు తడిస్తే మార్చుకోవాలి.

ఇక వదిలేయవలసినవి. ఆవిరి పట్టడం ముక్కుదిబ్బడకు కాస్త హాయినిస్తుందేమో గానీ వైరస్‌ను చంపదు; పిల్లలకైతే మరిగే నీళ్లు ఒలికి ఒళ్లు కాలే ప్రమాదముంది. మిరియాల కషాయం పూటపూటా తాగి కడుపులో మంట తెచ్చుకున్నవారిలో నేనూ ఉన్నాను. జలుబు చేయగానే మందుల దుకాణంలో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకోవడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు, ఎందుకంటే ఆ మందు వైరస్‌పై పనిచేయదు.

భద్రకాళి చెరువు బండ్ మీద నడక మొదలుపెట్టినవారు దానిని విడవకండి. వారంలో ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాల వేగపు నడక చాలు.

రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే ఆక్సీమీటర్ అలమారాలో పడి ఉంటే పారేయకండి, బ్యాటరీలు మాత్రం తీసి ఉంచండి. జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చినప్పుడు ఐదు నిమిషాలు కూర్చుని, గోరింటాకు గాని గోళ్లరంగు గాని లేని వెచ్చని వేలికి పెట్టి, అంకె నిలకడ పడ్డాక చూడాలి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు లేనివారికి అది 94 కంటే తగ్గి, మళ్లీ చూసినా అలాగే ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అంకె బాగానే ఉన్నా ఆయాసం పెరుగుతుంటే వెళ్లవలసిందే.