స్లెడ్ నేర్చుకుందాం – 3వ పాఠం: మలుపు అంటే సగం బ్రేకే

ఈ పాఠంలో స్లెడ్‌ని, అంటే మంచు వాలు మీద కూర్చుని జారే చక్రాల్లేని బండిని, మలుపు తిప్పడం చెప్పాలి. చెబుతాను గానీ, బ్రేకు గురించిన రెండో పాఠం చదివి క్రిస్మస్ సెలవుల్లో కొండెక్కి వచ్చినవాళ్ళ మాటలు విన్నాక, ముందు బ్రేకు సంగతి తేల్చకుండా కదలబుద్ధి కావడం లేదు. ఒకాయనకి మొహం నిండా మంచు కొట్టి దారి కనపడలేదు. ఇంకొకరి స్లెడ్ అడ్డం తిరిగి గట్టు ఎక్కేసింది. ఒకావిడకి చీలమండ వాచిపోయి మిగతా సెలవంతా హోటల్ గదిలోనే గడిచింది. ముగ్గురూ చేసింది ఒకటే పని. మడమలు మంచులో గుచ్చారు.

ఎందుకు గుచ్చుతారో నాకు తెలుసు. వేగం పెరిగి భయం వేయగానే ఒళ్ళు తనంతట తానే వెనక్కి వాలుతుంది. మోకాళ్ళు బిగుసుకుని కాళ్ళు చాచుకుపోతాయి. బూటు ముక్కు పైకి లేస్తుంది. ఇక నేలకి తగిలేది మడమ ఒక్కటే. మంచు మెత్తగా ఉంటే మడమ దిగబడి, తవ్విన మంచునంతా పైకి ఎగజిమ్ముతుంది. మీరు దాని వెనకాలే వస్తున్నారు కాబట్టి అది మీ మొహానికే కొడుతుంది. మంచు గట్టిగా ఉంటే మడమ ఒకచోట తట్టుకుంటుంది, స్లెడ్ మాత్రం ఆగదు. మీ బరువూ వేగమూ కలిసి బిగుసుకున్న ఆ మోకాలి మీదా చీలమండ మీదా పడతాయి. పైగా రెండు మడమలూ ఒకే క్షణంలో ఒకేలా తట్టుకోవు. ఏది ముందు తట్టుకుంటే స్లెడ్ అటు గిర్రున తిరుగుతుంది. అడ్డం తిరిగిన స్లెడ్‌ని మనం నడపలేం, దాని మీద కూర్చుని ఉంటామంతే.

కనక మోకాళ్ళు వంచండి. స్లెడ్ ముందరి వంపులకి రెండు పక్కలా పాదాలు పెట్టి, బూటు అడుగు మొత్తం మంచుకి ఆనించండి. మడమా వేళ్ళూ రెండూ ఆనాలి. మొదట ఊరికే రాసుకోనిచ్చి, తరవాత నెమ్మదిగా బరువు పెంచండి. బ్రేకులు పోయిన సైకిల్ని చిన్నప్పుడు చెప్పు నేలకి రాసి ఆపినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. అప్పుడు మడమ గుచ్చలేదు కదా, చెప్పంతా పరిచారు. సరిగ్గా అదే పని ఇక్కడా చేయాలి.

స్పోర్ట్స్ షూలతో ఇది కాదు. చీలమండ దాటి పైకి వచ్చే బూటు, కింద లోతైన గాడులు ఉండాలి. బ్రేకు అంటే ఆ గాడులే. హెల్మెట్ గురించి మళ్ళీ చెప్పను.

ఉదయం పూట దారి గాజులా ఉండవచ్చు. ముందురోజు ఎండకి కరిగిన మంచు రాత్రి గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు బూటు అడుగు పరిచినా జారుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాలంటే రెండు పాదాలూ గట్టిగా అదిమి, రెండు చేతులతో స్లెడ్ ముందు భాగాన్ని పట్టి పైకి లాగండి. రన్నర్ల (స్లెడ్ కింద మంచు మీద జారే రెండు పట్టీల) వెనక కొసలు మంచులోకి దిగి స్లెడ్ ఆగుతుంది. కంగారులో ఇది గుర్తురాదు, కంగారు లేనప్పుడే చేసి చేసి అలవాటు చేసుకోవాలి.

ఇంకొక్క లెక్క. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం సుమారు 4 రెట్లవుతుంది. 15 కిలోమీటర్ల వేగంలో నాలుగైదు మీటర్లలో ఆగగలిగినవాళ్ళకి 30 కిలోమీటర్ల వేగంలో 17, 18 మీటర్లు కావాలి. మలుపులో మిమ్మల్ని బయటికి తోసే బలం కూడా ఇదే లెక్కన పెరుగుతుంది. అందుకే మలుపులోకి వెళ్ళాక బ్రేకు వేయడం ఆలస్యమే. అప్పటికి మీ పాదాలకి ఆపే పనీ తిప్పే పనీ రెండూ ఒకేసారి మీద పడతాయి. వేగం తగ్గించేది తిన్నటి దారి మీదే, మలుపు రాకముందే.

ఇప్పుడు మలుపు. ఎడమకి తిరగాలంటే ఎడమ పాదం మంచు మీద పరచండి. రెండు పాదాలు పరిస్తే బ్రేకు, ఒక్కటే పరిస్తే మలుపు. రెండో పాఠం పక్కాగా వచ్చినవాళ్ళకి మూడో పాఠంలో సగం వచ్చేసినట్టే. మడమ గుచ్చే అలవాటున్న వాళ్ళకి మాత్రం ఇది మలుపు కాదు, బొంగరం అవుతుంది. ఎడమ పాదం పరిచి, ఒంటిని ఎడమకి వాల్చి, కుడి కాలితో కుడి రన్నర్‌ని బయటినుంచి లోపలికి నొక్కండి. స్లెడ్ ముందు కట్టిన తాడుని ఎడమ చేత్తో కాస్త లాగండి. చూపు మలుపు చివర ఉండాలి, ఎదురుగా ఉన్న గట్టు మీద కాదు. ఎటు చూస్తే అటే పోతాం.

తాడు ఒక్కటీ లాగితే స్లెడ్ తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. స్లెడ్ రకాన్ని బట్టి ఉంటుంది. ఆస్ట్రియాలో ఎక్కువగా దొరికే రోడెల్ అనే స్లెడ్‌కి రన్నర్లు లోపలికి వాలి, కీళ్ళు కాస్త కదిలేలా ఉంటాయి. అది తాడుకీ కాలి నొక్కుడుకీ బాగా పలుకుతుంది. స్విట్జర్లాండ్‌లో అద్దెకిచ్చే డావోస్ రకం చెక్క స్లెడ్ బిగుతైనది, దాని రన్నర్లు చదునుగా ఉంటాయి. అది పాదం మాటే వింటుంది. నేర్చుకునేవాళ్ళకి నేను డావోస్ రకమే చెబుతాను, పాదం పని సరిగా చేస్తే తప్ప తిరగదు కాబట్టి. 1883లో డావోస్ నుంచి క్లోస్టర్స్‌కి జరిగిన అంతర్జాతీయ స్లెడ్ పోటీలో ఇద్దరు సమానంగా నెగ్గారు. ఒకరు ఆస్ట్రేలియా విద్యార్థి జార్జ్ రాబర్ట్‌సన్, రెండోవారు క్లోస్టర్స్ పోస్ట్‌మాన్ పీటర్ మిన్ష్. నెగ్గినవాళ్ళలో ఒక పోస్ట్‌మాన్ ఉండడం నాకెంతో ఇష్టం. స్లెడ్ మొదట ఆ కొండ ఊళ్ళవాళ్ళ రోజువారీ బండి, ఆట తరవాత వచ్చింది. బాబ్‌లు అనే తొట్టిలాంటి ప్లాస్టిక్ స్లెడ్‌లని మాత్రం పెద్ద దారుల మీదికి తీసుకెళ్ళకండి. అవి ఇంటిపక్క మిట్టకి చాలు.

తాడు మిగులు తొడకింద పెట్టుకోండి. వేలాడితే రన్నర్ కిందికి పోతుంది.

ఎక్కడికి వెళ్ళాలి? ఈ పాఠానికి స్విట్జర్లాండ్‌లో ప్రేడా నుంచి బెర్గ్యూన్ దిగే దారిని మించింది నాకు తెలియదు. జ్యూరిక్‌లో ఉన్నవాళ్ళు కూర్‌లో రైలు మారి రావచ్చు. వేసవిలో కార్లు తిరిగే ఆల్బులా కనుమ రోడ్డు ఇది. చలికాలంలో మూసేసి స్లెడ్‌లకి వదిలేస్తారు. 6 కిలోమీటర్ల దారిలో దిగేది సుమారు 400 మీటర్లు, అంటే 100 మీటర్లకి ఆరేడు మీటర్ల వాలు. రోడ్డు కాబట్టి వెడల్పు సమంగా ఉంటుంది, మలుపులు ముందే కనపడతాయి. పైకి మళ్ళీ రైల్లోనే వెళ్తారు. కొండలోపల చుట్టుతిరిగే సొరంగాలతో, ఎత్తైన రాతి వంతెనలతో 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన రైలుమార్గం అది. కిటికీ పక్కన కూర్చోండి. మీరు దిగబోయే దారి అక్కడక్కడా కనపడుతుంది.

స్విట్జర్లాండ్‌లోనే గ్రిండెల్‌వాల్డ్ దగ్గర ఫౌల్‌హార్న్ కొండ నుంచి దిగే 15 కిలోమీటర్ల దారికి అప్పుడే తొందరపడకండి. కేబుల్ కారు దిగాక 2,681 మీటర్ల ఎత్తు వరకూ స్లెడ్‌ని లాక్కుంటూ రెండున్నర గంటలు నడవాలి. దిగేది సుమారు 1,600 మీటర్లు. అలిసిన కాళ్ళు మడమలే గుచ్చుతాయి. ఆస్ట్రియాలో విల్డ్‌కోగెల్ నుంచి బ్రామ్‌బెర్గ్‌కి దిగే 14 కిలోమీటర్ల దారి కూడా అంతే, వచ్చే ఏడాదికి ఉంచుకోండి.

అభ్యాసం కష్టమైనదే ఇస్తున్నాను. ముందు కొద్దిపాటి వాలున్న మైదానంలో ఒక గ్లోవ్ గుర్తుగా పెట్టి, సరిగ్గా దాని పక్కన ఆగండి. రెండు పాదాలతో 10 సార్లు వరసగా కుదరాలి. ఒకటి తప్పితే మళ్ళీ మొదటినుంచి. తరవాత ఎడమ పాదంతోనే, కుడి పాదంతోనే మలుపులు చెరో పది. ఇది పూర్తయ్యాకే ప్రేడా రైలెక్కండి. అక్కడ మొదటిసారి దిగేటప్పుడు ప్రతి మలుపుకి ముందు పూర్తిగా ఆగాలి. ఆగేముందు వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, దారి అంచుకి జరిగి ఆగండి. ఆగి, మలుపు చివరిదాకా చూసి, మళ్ళీ బయల్దేరండి. మీ పిల్లలూ బావమరుదులూ ముందే కిందికి చేరిపోతారు, చేరనివ్వండి. రెండోసారి ఆగకుండా, నడక వేగానికి తగ్గించి తిరగండి. మూడోసారి మీకు నచ్చినట్టు.

ఒడిలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని దిగడం నాలుగో పాఠం. ఈ మూడుసార్లూ ఒంటరిగా దిగడం పూర్తి చేసేదాకా దయచేసి ఎవరినీ ఎక్కించుకోకండి.