వాన వెలిశాక రొయ్య గట్టు వారకు వస్తోందా? ముందు చెరువు అడుగున ఉన్న నీళ్లు చూడండి

లక్షణం: పెద్ద వాన పడ్డ రెండో రోజు తెల్లవారుజామున వనామి (చెరువుల్లో పెంచే రకం) రొయ్యలు గట్టు వారగా తిరుగుతుంటాయి. చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగిలిపోతుంది. చేతిలోకి తీసుకుని నొక్కితే పెంకు మెత్తగా ఉంటుంది.

ఉప్పుటేరు వైపు నుంచి ఇలాంటి ఫోన్ వస్తే ముందు సెలినిటీ అడుగుతాను, అంటే నీళ్లలో ఉప్పు ఎన్ని పీపీటీ (వెయ్యికి ఎన్ని వంతులు) ఉందని. "పదిహేను ఉండేదండి, ఎనిమిదికి పడిపోయింది" అంటారు. నీళ్లు ఎక్కడ తీశారంటే, గట్టు మీద నుంచి మగ్గుతో! అది చెరువు సెలినిటీ కాదు, పైనున్న వాన నీళ్ల లెక్క.

కారణం: ఉప్పు నీళ్లు బరువు, వాన నీళ్లు తేలిక. కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లు చిలికి గాలి కలిపే మిషన్లు) ఆగితే రెండూ కలవవు. పైగాలి అడుగుకు దిగదు. మిగిలిన మేత, రెట్ట కుళ్లి అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తాయి. రొయ్య ఉండేది అడుగునే కదా, ఊపిరాడక పైకి వస్తుంది. వచ్చీ రాగానే పదిహేను నుంచి ఎనిమిదిలో పడుతుంది. వనామి ఒంట్లోని ఉప్పు దాదాపు 25 పీపీటీ నీళ్లతో సమానం. నీళ్లు అంతకంటే చప్పబడే కొద్దీ అది మొప్పలతో ఉప్పును లోపలికి లాక్కోవాలి, దానికి శక్తి కావాలి, ఆక్సిజన్ కావాలి. అప్పుడే పెంకు వదిలిన రొయ్యయితే ఇక తట్టుకోలేదు.

ఒకసారి నేనూ మగ్గు రీడింగ్ నమ్మి ఉప్పు బోరు ఆన్ చేశాను. ఆ నీళ్లు బరువు కాబట్టి తిన్నగా అడుక్కి చేరాయి, పొరలు ఇంకా గట్టిపడ్డాయి. మర్నాడు వలతో ఎత్తింది చచ్చిన రొయ్యనే.

పరిష్కారం: ఖాళీ సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే తాడు కట్టండి. అడుక్కి దింపి బిరడా లాగండి. పైదీ కిందదీ పక్కపక్కనే కొలవండి. తేడా రెండు మూడు పీపీటీ దాటితే తూము పై పలకలు తీసి పైనీళ్లు వదిలేయండి. ఎండ వచ్చాక ఏరియేటర్లు ఒక్కొక్కటిగా వేయండి. అన్నీ ఒక్కసారి వేస్తే అడుగున ఉన్న కుళ్లు గుడ్ల వాసన గ్యాసంతా పైకి లేస్తుంది. ఆ రోజు మేత సగానికి తగ్గించండి. ఉప్పు నీళ్లు పెట్టాల్సి వస్తే పొరలు కలిశాకే, అదీ కొద్దికొద్దిగా.

పైనా కిందా ఒకటే ఉండి పెంకు మెత్తబడితే పొటాషియం, మెగ్నీషియం లోటు కావచ్చు, బోరు నీళ్ల చెరువుల్లో మామూలే. నీళ్లు ల్యాబ్‌కి పంపండి. పెంకు మీద తెల్లమచ్చలుంటే అది వేరే కథ, వైరస్ ఉందేమో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించండి. రిఫ్రాక్టోమీటర్ (సెలినిటీ కొలిచే పరికరం) మీద అనుమానముంటే డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా వస్తుందో లేదో చూడండి.