విదేశంలో భాష చదవడానికి స్కాలర్‌షిప్: దరఖాస్తు ఎలా పెట్టాలి?

ముందు ఏ స్కాలర్‌షిప్ దేనికిస్తారో చూసుకోండి. పేరులో దేశం పేరుంది కదా అని పెట్టేయకూడదు. జర్మనీకి చెందిన డాడ్ సంస్థ యూనివర్సిటీ వేసవి కోర్సులకు ఇచ్చేది కొన్ని వారాల చదువుకే. జపాన్ ప్రభుత్వం మెక్స్ట్ (అక్కడి విద్యాశాఖ) కింద ఇచ్చే ‘జపనీస్ స్టడీస్’ దాదాపు ఏడాది ఉంటుంది. కానీ అది బయటి దేశాల యూనివర్సిటీల్లో జపనీస్ భాషో, సంస్కృతో ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చదువుతున్న వాళ్లకే. పైగా చివర్లో పట్టా రాదు. కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్ జీకేఎస్ అసలు డిగ్రీ కోసమే. మామూలుగా ముందు ఏడాది భాష నేర్పిస్తారు, కొరియన్ భాషా పరీక్ష టోపిక్‌లో మూడో లెవెల్ రాకపోతే డిగ్రీలోకి పంపరు. ‘ఏడాది కొరియన్ నేర్చుకుని వచ్చేస్తా’ అంటూ జీకేఎస్‌కు పెట్టేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు. అర్హతల పేజీ చదవడం ఐదు నిమిషాల పని.

మూడింటికి మించి పెట్టవద్దు. ‘ఇరవై చోట్ల పెట్టు, ఏదో ఒకటి తగులుతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది చీకట్లో రాళ్లు విసరడమే. ఇరవై చోట్ల పెట్టేవాడు ఒకే లేఖను ఇరవైసార్లు పంపుతాడు, చదివేవాళ్లకు అది మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. పైగా కొన్ని పథకాల్లో రెండు దారుల్లో పెడితే మొదటికే మోసం. జీకేఎస్‌లో ఎంబసీ ద్వారా, యూనివర్సిటీ ద్వారా రెండు రకాల దరఖాస్తులుంటాయి. ఒక్కదాన్నే ఎంచుకోవాలి.

కాగితాల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పాస్‌పోర్టు, మార్కుల మెమోలు, సర్టిఫికెట్లు, అడిగిన చోట అనువాదాలు, మెడికల్ ఫారం. పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా అన్నిటిలో ఉందో లేదో సరిచూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, సెలెక్షన్ వచ్చాక కాదు.

భాషా పరీక్ష మాత్రం నోటిఫికేషన్ రాకముందే రాసి ఉండాలి. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీ జూలైలో, డిసెంబరులో జరుగుతుంది, ఫలితం రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. నోటిఫికేషన్ చూసి ఫీజు కట్టేవాళ్లకు ఆ ఏడాది పోయినట్టే. టోపిక్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి మరీ ముందు రాసినా చిక్కే. ఫ్రెంచి వాళ్ల డెల్ఫ్‌కు ఆ గొడవ లేదు, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది.

ఇక అసలు కష్టం: స్టడీ ప్లాన్. కొన్నిచోట్ల మోటివేషన్ లెటర్ అంటారు, కొన్నిచోట్ల రెండూ విడివిడిగా అడుగుతారు. ఫారం ఏదైనా లోపలి ప్రశ్న ఒకటే. ఇంట్లో కూర్చుని నేర్చుకోలేనిది అక్కడికి వచ్చి ఏం నేర్చుకుంటారు? యాప్‌లున్నాయి, ఆన్‌లైన్ టీచర్లున్నారు. మరి మీ ఖర్చు వాళ్లెందుకు పెట్టుకోవాలి?

చాలామంది రాసేది ఇలా ఉంటుంది: ‘చిన్నప్పటి నుంచి జపాన్ అంటే ప్రాణం. యానిమే చూస్తూ పెరిగాను. ఆ సంస్కృతి నన్నెంతో ఆకట్టుకుంది. అక్కడ చదివి భాషలో ఉన్నత స్థాయికి చేరుకుంటాను.’ ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ జపాన్ తీసేసి కొరియా, యానిమే తీసేసి డ్రామా అని పెట్టి చూడండి. మిగతాదంతా అలాగే సరిపోతుంది. అలా దేశం మార్చినా సరిపోయే వాక్యం ఏదైనా సరే, మొహమాటం లేకుండా కొట్టేయండి.

దాని బదులు ఇలా రాస్తే (ఎన్3 అంటే జేఎల్‌పీటీ ఐదు స్థాయిల్లో మధ్యది): ‘ఎన్3 పాసయ్యాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని వార్తలు చదవగలను. కంపెనీ మెయిల్‌లో కెయిగో, అంటే కస్టమర్లతో, పైవాళ్లతో వాడే మర్యాద రూపాలు, వస్తే అర్థమవుతుంది కానీ తిరిగి రాయలేను. ఫోన్‌లోనైతే మాట తడబడుతుంది. మీ కోర్సులో బిజినెస్ జపనీస్ పేపర్ అందుకే ఎంచుకున్నాను. తిరిగొచ్చాక టెక్నికల్ అనువాదంలో పనిచేయాలని ఉంది.’ ఇది చదివితే ఒక మనిషి కనిపిస్తాడు. ఏం రాదో చెప్పాడు, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పాడు, తర్వాత ఏం చేస్తాడో చెప్పాడు.

రాని విషయం ఒప్పుకుంటే మార్కులు పోతాయని అందరికీ భయం. అది వదిలేయండి. వచ్చినదాని లెక్క మీ స్కోరు కార్డులో ఎలాగూ ఉంది. అసలు ముప్పు గొప్పలు చెప్పుకోవడంలోనే ఉంది. ‘ఆరు నెలల్లో ఏ1 నుంచి సీ1కి వెళ్తాను’ అని, అంటే ఆరు మెట్లలో మొదటిదాని నుంచి ఐదోదానికి దూకుతానని రాస్తే, చదివేవాళ్లలో భాషా టీచర్లు ఉంటే నవ్వుకుని పక్కన పెడతారు. ఒక మెట్టు పైకి, మహా అయితే రెండు, అంతవరకే మాటివ్వండి. సిలబస్‌ను వెబ్‌సైట్ నుంచి ఎత్తి దించకండి, అది రాసినవాళ్లకే మళ్లీ వినిపించి లాభమేంటి?

మొదటి డ్రాఫ్ట్ మాతృభాషలో, కాగితం మీద, పెన్నుతోనే రాయాలి. ఇందులో బేరం లేదు. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చేతికి ఊకదంపుడు మాటలే వస్తాయి. చాట్‌బాట్‌తో రాయిస్తే ఇంకా నున్నగా వస్తుంది, పక్కవాడిదీ అచ్చం అలాగే వస్తుంది. ఆ తర్వాత రెండు రోజులు పక్కన పెట్టి, గట్టిగా చదివి, ఎక్కడ నోరు తిరగదో అక్కడ సరిచేయండి. కడపటి తేదీకి నెల ముందే ఇది పూర్తవ్వాలి.

ఎందుకంటే సిఫారసు లేఖ అడిగేటప్పుడు మేడమ్‌కో సర్‌కో ఈ ప్లాన్ కాపీ ఇవ్వాలి. ఉత్తచేతులతో వెళ్తే ‘క్రమశిక్షణ గల విద్యార్థి’ అన్న నాలుగు లైన్లు తప్ప ఏమీ రావు. పెద్ద ప్రొఫెసర్ కంటే మీ తప్పులు దిద్దిన భాషా టీచర్ రాసిన లేఖే మేలు.

అప్‌లోడ్ రెండు రోజుల ముందే ముగించండి. చివరి సాయంత్రం సైట్ తెరుచుకోక టెన్షన్ పడటం మనకెందుకు? గడువు ఏ దేశపు టైమ్ ప్రకారమో కూడా చూసుకోండి. పంపిన ప్లాన్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇంటర్వ్యూకు పిలిస్తే ప్రశ్నలు దాన్నుంచే రావచ్చు, అదీ మీరు నేర్చుకుంటున్న భాషలోనే.