సర్వర్ లేకుండా జేఎన్‌డీఐ లుకప్‌ను టెస్ట్ చేయడం ఎలా?

టామ్‌క్యాట్, వెబ్‌లాజిక్ లాంటి జావా సర్వర్ల మీద ఏళ్ల తరబడి నడుస్తున్న జావా కోడ్‌కు యూనిట్ టెస్ట్ రాయబోతే చాలామందికి మొదట ఎదురయ్యేది నోఇనిషియల్‌కాంటెక్స్ట్‌ఎక్సెప్షన్. లాజిక్ దాకా వెళ్లకముందే టెస్ట్ ఆగిపోతుంది. జేఎన్‌డీఐ (డేటాబేస్ కనెక్షన్ లాంటివాటిని పేరు చెప్పి అడిగే ఏపీఐ; అలా అడగడమే లుకప్) జావాతో పాటే వస్తుంది, నిజమే. కానీ అందులో ఉన్నది అడిగే పద్ధతి మాత్రమే; జవాబు చెప్పేది సర్వర్. కొత్త ఊళ్లో బస్సు దిగి ఫలానావాళ్ల ఇల్లెక్కడ అని అడగాలంటే అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి కదా. టెస్ట్ నడిచే జేవీఎంలో, అంటే జావా కోడ్‌ను నడిపే ప్రాసెస్‌లో, ఆ అరుగు ఖాళీ.

అక్కడ ఎవరినో ఒకరిని మనమే కూర్చోబెట్టాలి. ఆర్డర్‌సర్వీస్ అనే క్లాసు "జావా:కాంప్/ఎన్వ్/జేడీబీసీ/ఆర్డర్స్" అనే పేరుతో డేటాసోర్స్‌ను (డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చే ఆబ్జెక్ట్‌ను) అడుగుతోందని అనుకుని మొదలుపెడదాం.

ముందు కోడ్‌ను ఒకసారి వెతకండి

ప్రాజెక్ట్ మొత్తంలో ఇనిషియల్‌కాంటెక్స్ట్ (లుకప్ మొదలయ్యే ఆబ్జెక్ట్) ఎక్కడెక్కడ సృష్టిస్తున్నారో చూడండి. వీలైతే ఆ పనంతా ఒకే క్లాసులోకి తెచ్చి, ఆర్డర్‌సర్వీస్‌కు డేటాసోర్స్‌ను కన్‌స్ట్రక్టర్ ద్వారా అందించండి. అప్పుడు దాని టెస్టులో జేఎన్‌డీఐ ఊసే ఉండదు. హెచ్2 ఇన్‌మెమరీ డేటాబేస్ డేటాసోర్స్ ఒకటి ఇస్తే సరిపోతుంది. ఈ మార్పుకు అనుమతి దొరికే టీమ్ అయితే కింద చెప్పేవాటిలో సగం మీకు అక్కర్లేదు. పాత కోడ్‌ను ముట్టుకోవద్దని పైవాళ్లు అంటేనే మిగతాది చదవండి.

సొంత ఫ్యాక్టరీ రాయడం

ఇనిషియల్‌కాంటెక్స్ట్‌ఫ్యాక్టరీ అనే ఇంటర్‌ఫేస్‌ను ఇంప్లిమెంట్ చేసే పబ్లిక్ క్లాసు ఒకటి టెస్ట్ ఫోల్డర్‌లో పెట్టండి. దాని పూర్తి పేరును "జావా.నేమింగ్.ఫ్యాక్టరీ.ఇనిషియల్" అనే సిస్టమ్ ప్రాపర్టీకి ఇవ్వండి. టెస్ట్ రిసోర్సుల ఫోల్డర్‌లో జేఎన్‌డీఐ.ప్రాపర్టీస్ ఫైలు పెట్టి అందులో రాసినా పనిచేస్తుంది.

ఫ్యాక్టరీ తిరిగి ఇవ్వాల్సింది ఒక కాంటెక్స్ట్‌ను. ఆ ఇంటర్‌ఫేస్‌లో మెథడ్లు బోలెడు, అన్నీ రాయడం విసుగు. దానికి ఒక దగ్గరి దారి ఉంది: ఇనిషియల్‌కాంటెక్స్ట్‌నే ఎక్స్‌టెండ్ చేసి, కన్‌స్ట్రక్టర్‌లో సూపర్‌కు ట్రూ పంపండి. అలా పంపితే అది వెంటనే అసలు కాంటెక్స్ట్ కోసం వెతకదు. ఆ తర్వాత స్ట్రింగ్ తీసుకునే లుకప్ మెథడ్ ఒక్కటే ఓవర్‌రైడ్ చేయండి. లోపల ఒక హ్యాష్‌మ్యాప్: పేరు ఇస్తే వస్తువు ఇస్తుంది. ఈ ఫ్యాక్టరీని సృష్టించేది మనం కాదు, జేఎన్‌డీఐ. ఆ ఆబ్జెక్ట్ మన చేతికి రాదు కాబట్టి మ్యాప్‌ను స్టాటిక్‌గా ఉంచక తప్పదు. స్టాటిక్ అన్నాక ఒక టెస్టులో పెట్టింది ఇంకో టెస్టులో కనిపిస్తుంది. ప్రతి టెస్ట్ అయ్యాక ఆఫ్టర్‌ఈచ్‌లో మ్యాప్‌ను ఖాళీ చేయండి. జేయూనిట్ 5లో టెస్టులను ప్యారలల్‌గా నడుపుతుంటే మాత్రం ఈ క్లాసులను అందులోంచి తప్పించండి.

అన్నిటికన్నా ముఖ్యం, మ్యాప్‌లో లేని పేరు అడిగితే నల్ ఇవ్వకండి. నేమ్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ విసరండి. అసలు సర్వర్ చేసేది అదే. మాకిటో అనే లైబ్రరీతో నేరుగా మాక్ చేసేవాళ్లు, అంటే అసలు ఆబ్జెక్ట్ బదులు నకిలీది పెట్టేవాళ్లు, ఇక్కడే దెబ్బతింటారు. మాకిటో 3.5 నుంచి కన్‌స్ట్రక్షన్‌ను (న్యూతో ఆబ్జెక్ట్ సృష్టించడాన్ని) కూడా మాక్ చేయొచ్చు కాబట్టి పని రెండు లైన్లలో అయిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ లుకప్‌కు "ఏ స్ట్రింగ్ అయినా సరే" అని రాస్తే, కోడ్‌లో ఆర్డర్స్ బదులు ఆర్డర్ అని టైప్ చేసినా మాక్ తలూపి డేటాసోర్స్ ఇచ్చేస్తుంది. టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి, డిప్లాయ్ చేసిన రాత్రి ఫోన్లు మోగుతాయి. పేరును ఖచ్చితంగా రాస్తే, తప్పు పేరుకు మాక్ నల్ ఇస్తుంది. ఎక్సెప్షన్ ఎక్కడో దూరంగా నల్‌పాయింటర్ రూపంలో బయటపడుతుంది, అసలు కారణం వెతకడానికి పూట పడుతుంది.

కాబట్టి తప్పు పేరుకు కూడా ఒక టెస్ట్ రాయండి: మ్యాప్ ఖాళీగా ఉంచి ఆర్డర్‌సర్వీస్‌ను పిలవండి. అది అర్థమయ్యే మెసేజ్‌తో ఆగుతోందా, లేక క్యాచ్ బ్లాక్‌లో ఎక్సెప్షన్‌ను మింగేసి ముందుకు పోతోందా? పాత కోడ్‌లో రెండోదే ఎక్కువ.

విడిగా పాస్, కలిపితే ఫెయిల్

నెట్‌లో దొరికే చాలా ఉదాహరణల్లో ప్రాపర్టీకి బదులు జేఎన్‌డీఐలోని నేమింగ్‌మేనేజర్ అనే క్లాసుకు ఫ్యాక్టరీ బిల్డర్‌ను (ఫ్యాక్టరీని తయారు చేసి ఇచ్చే ఆబ్జెక్ట్‌ను) సెట్ చేస్తారు. దీనికో లాభం ఉంది. "జావా:" అని మొదలయ్యే పేర్లకు జేఎన్‌డీఐ ముందు ఆ స్కీమ్‌కు వేరే హ్యాండ్లర్ ఉందేమో చూస్తుంది. క్లాస్‌పాత్‌లో టామ్‌క్యాట్ జార్ ఉండి, దాని ప్యాకేజీ పేరు ప్రాపర్టీల్లో కూడా ఉంటే లుకప్ మన ఫ్యాక్టరీకి రాకుండా అటు పోతుంది. బిల్డర్ ఉంటే ఆ గొడవ లేదు, అన్నీ దాని దగ్గరికే వస్తాయి. అయితే ఒక జేవీఎంలో బిల్డర్‌ను ఒక్కసారే సెట్ చేయగలం. రెండోసారి చేస్తే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్. మావెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్ మామూలుగా టెస్ట్ క్లాసులన్నిటినీ ఒకే జేవీఎంలో నడుపుతుంది. అందుకే ఐడీఈలో ఒక్కొక్క క్లాసు పాస్ అవుతుంది, బిల్డ్ సర్వర్ జెంకిన్స్‌లో మొత్తం బిల్డ్ పడిపోతుంది. బిల్డరే కావాలంటే, ఇప్పటికే ఉందో లేదో అడిగి చూసే మెథడ్ నేమింగ్‌మేనేజర్‌లోనే ఉంది. ముందు అది వాడండి.

స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇదే పనికి ఉన్న సింపుల్‌నేమింగ్‌కాంటెక్స్ట్‌బిల్డర్‌ను 5.2 వెర్షన్ నుంచే డిప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దని గుర్తు పెట్టారు. కొత్తగా దాని జోలికి పోవద్దు. సొంతంగా రాసే ఓపిక లేకపోతే సింపుల్ జేఎన్‌డీఐ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, పేర్లను ప్రాపర్టీస్ ఫైళ్ల నుంచి చదువుకుంటుంది.

ఎల్‌డాప్ అయితే మాక్ మానేయండి

ఉద్యోగి ఏ గ్రూపులో ఉన్నాడో, మెయిల్ ఐడీ ఏమిటో జేఎన్‌డీఐ ద్వారా ఎల్‌డాప్ డైరెక్టరీలో (ఉద్యోగుల వివరాలుండే సర్వర్‌లో) వెతికే కోడ్ సంగతి వేరు. అక్కడ మన సెర్చ్ ఫిల్టర్ సరిగా ఉందా అన్నదే అసలు ప్రశ్న. మాక్‌కు ఫిల్టర్ అంటే ఒట్టి స్ట్రింగ్. బ్రాకెట్ ఒకటి తగ్గినా దానికి తెలియదు. పైగా మాక్ ఇచ్చే జవాబు కోసం బేసిక్‌ఆట్రిబ్యూట్స్‌ను ఖాళీ కన్‌స్ట్రక్టర్‌తో సృష్టిస్తే అది ఆట్రిబ్యూట్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాలను వేరువేరుగా చూస్తుంది. ఎల్‌డాప్ అలా చూడదు.

దీనికి అన్‌బౌండ్‌ఐడీ ఎల్‌డాప్ ఎస్‌డీకేలో ఉన్న ఇన్‌మెమరీ డైరెక్టరీ సర్వర్ వాడండి. బేస్ డీఎన్ (డైరెక్టరీ మొదలయ్యే చోటి పేరు) ఇచ్చి కాన్ఫిగ్ తయారు చేసి, ఎల్‌డిఫ్ ఫైలు (ఎంట్రీలు రాసి ఉన్న టెక్స్ట్ ఫైలు) లోడ్ చేసి, స్టార్ట్ చేయడమే. పోర్టు మీరు చెప్పకపోతే ఖాళీగా ఉన్నది అదే తీసుకుంటుంది. ఎల్‌డాప్ మామూలు పోర్టు 389 అని గట్టిగా రాయకుండా, ఏది తీసుకుందో దాన్నే అడిగి యూఆర్‌ఎల్‌లో పెట్టండి. టెస్టులు అయ్యాక షట్‌డౌన్ మరవకండి.

ఎల్‌డిఫ్ ఫైల్లో అందరినీ బుద్ధిమంతులనే పెట్టకండి. మెయిల్ లేని ఉద్యోగి ఒకరు, ఏ గ్రూపులోనూ లేనివారు ఒకరు, పేరులో బ్రాకెట్లున్న "రవి (కాంట్రాక్ట్)" లాంటివారు ఒకరు తప్పక ఉండాలి. ఫిల్టర్‌ను ప్లస్ గుర్తుతో స్ట్రింగులు అతికించి కట్టిన కోడ్ ఈ మూడోవారి దగ్గరే విరుగుతుంది. యూజర్ పేరు పెట్టెలో నక్షత్రం గుర్తు (ఫిల్టర్‌లో దానికి ఏదైనా సరే అని అర్థం) ఇచ్చి కూడా చూడండి. అందరి వివరాలూ వచ్చేస్తే అది టెస్ట్ ఫెయిల్యూర్ ఒక్కటే కాదు, సెక్యూరిటీ లోపం. సెర్చ్ మెథడ్‌కు ఫిల్టర్‌లో సున్నా నంబర్ ప్లేస్‌హోల్డర్ పెట్టి విలువను విడిగా పంపితే రెండూ సర్దుకుంటాయి.

ఇంత చేసినా ఒకటి మిగులుతుంది: కోడ్‌లోని పేరు, సర్వర్ కాన్ఫిగ్‌లోని పేరు ఒకటేనా అన్నది. దాన్ని ఏ ఫ్యాక్టరీ చెప్పలేదు. వెబ్ ఎక్స్‌ఎంఎల్ అనే కాన్ఫిగ్ ఫైల్లోని రిసోర్స్ రెఫ్‌లను (అప్లికేషన్ అడిగే పేర్లను) చదివి, అప్లికేషన్ స్టార్ట్ అయ్యేటప్పుడే అన్నిటినీ ఒకసారి లుకప్ చేసే చిన్న లిజనర్ రాయండి. పేరు తప్పయితే అప్లికేషన్ అక్కడే ఆగాలి.