అద్దె ఇంటి బాత్రూమ్: బోరు నీళ్ల తెల్లమరకలు, నల్లబడ్డ సందులు

బోరు నీళ్లు వాడే హైదరాబాద్ ఇళ్లలో బాత్రూమ్ పాతగా కనిపించడానికి ముఖ్య కారణం సున్నపు పొర. టైల్స్ మార్చక్కర్లేదు, ఆ పొర కరిగిస్తే చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, అందులో తడిపిన గుడ్డను కుళాయికి చుట్టి, అరగంటకు తీసి కడిగాను. మందంగా పేరుకున్న చోట రెండోసారి చుట్టాలి. షవర్‌ను విప్పి అదే నీళ్లలో నానబెట్టి, రంధ్రాలను పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ధార సరిగ్గా పడుతుంది.

కింద కడప, షాబాద్, తాండూరు బండలుంటే మాత్రం ఈ నీళ్లు ఒక్క చుక్కా పడనీయకండి. అవి సున్నపురాళ్లే, మెరుపు పోతుంది. బాత్రూమ్ యాసిడ్ అసలు వద్దు: టైల్స్ మధ్య సందుల్లో సిమెంటును తినేస్తుంది, కుళాయిల క్రోమ్ పూత పాడవుతుంది. నిమ్మ ఉప్పుకు బ్లీచింగ్ పౌడర్ తగిలితే క్లోరిన్ వస్తుంది, అది విషవాయువు.

నల్లబడ్డ సందుల మీద గ్రౌట్ (సందులు నింపే సిమెంటు పొడి) పైపైన పూస్తే పెచ్చులుగా ఊడిపోతుంది. 2–3 మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము తుడిచి, గ్రౌట్‌ను గట్టి ముద్దలా కలిపి నింపాలి. నీళ్లు ఎక్కువైతే ఆరాక పగుళ్లిస్తుంది. పావుగంటకు తడి స్పాంజితో తుడిచి, 24 గంటలు నీళ్లు తగలనీయకూడదు. గీకే ముందు ఓనరుకు ఒక మాట చెప్పండి.